బొంత కుట్టు – ఒకరి పనిని మరొకరు ముగించే విద్య

“అతుకుల బొంత” అనే మాట మన పత్రికలలో తరచుగా కనిపిస్తుంది. పొసగని పార్టీలు కలిసి ఏర్పరచిన ప్రభుత్వం అతుకుల బొంత. నాలుగు పుస్తకాల నుండి నాలుగేసి పేరాలు ఎత్తి వ్రాసిన వ్యాసం అతుకుల బొంత. ఈ మాటను నిందగా వాడేవారు బొంత కప్పుకున్నవారే గాని కుట్టినవారు కారని నా నమ్మకం. కుట్టిన చేతికి తెలుసు – చిరుగు పట్టిన చోట అతుకు పడితే, ఆ తరువాత బొంత మొత్తంలో ఆ చోటే గట్టిది.

బొంతను గురించి కళాశాల వార్షిక సంచికలో వ్రాయడమేమిటని కొందరికి తోచవచ్చు. ధర్మవరం పట్టును గురించి వ్రాస్తే ఎవరికీ అలా తోచదు. పట్టుచీర పెండ్లినాడు కట్టి పెట్టెలో దాచుకునేది. బొంత పుట్టిన బిడ్డ కిందా, జబ్బుపడిన ముసలివారి మీదా నిత్యం ఉండేది. పట్టుచీర తాను పుట్టిన ఊరికి పేరు తెస్తుంది. బొంత కుట్టిన మనిషి పేరు ఆ వీధి దాటదు. అంతమాత్రాన బొంత వెనుక విద్య లేదనుకోవడం పొరపాటు. ఆ విద్యలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచిన భాగం ఒకటున్నది. ఒకరు మొదలుపెట్టి ముగించలేకపోయిన బొంతను మరొకరు ముగించి ఇవ్వడమే అది. ఈ వ్యాసంలో ముందుగా బొంత నిర్మాణాన్ని చెప్పి, పిమ్మట ఆ పనిలోని మర్యాదను, అది నేను నేర్చుకున్న తీరును వివరిస్తాను.

పేర్లు – ప్రాంతం

కదిరి నుండి ములకలచెరువు మీదుగా మదనపల్లెకు పోయే దారిలో ఉన్నది మా తనకల్లు. అనంతపురం జిల్లాలోని ఈ మండలం 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. కన్నడదేశపు సరిహద్దు ఎంతో దూరం లేదు. అందువల్ల ఇక్కడ ఒకే వస్తువుకు మూడు పేర్లు వినవస్తాయి. తెలుగువారికి బొంత, కన్నడం మాట్లాడేవారికి కౌది, ఉర్దూ మాట్లాడే ఇండ్లలో గుదడీ. సంస్కృతంలో దీనిని కంథ అన్నారు. వంగదేశంలో ఆ మాటే కాంథా అయింది. భర్తృహరి వైరాగ్యశతకంలో విరాగికి మిగిలిన కొద్దిపాటి ఆస్తిలో కంథ ఒకటి. సూఫీ ఫకీరులు ధరించిన అతుకుల అంగీకి ఖిర్ఖా అని పేరు.

ఉర్దూలో “గుదడీ కా లాల్” అనే జాతీయం ఉన్నది. బొంతలోని కెంపు అని దాని అర్థం. పేద ఇంట పుట్టిన యోగ్యుణ్ణి అలా అంటారు. ఒకే బొంత తెలుగు పత్రికలో నింద అయింది, ఉర్దూ నానుడిలో కెంపు దొరికే చోటయింది. రెండు భాషలూ చదివే మన విద్యార్థులు ఈ తేడాను గమనించవలసి ఉన్నది.

ఈ సీమలో బొంత వెలయడానికి కారణం స్పష్టమే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ చేతికి వచ్చిన ఏడు కొత్త గుడ్డ, రాని ఏడు పాత గుడ్డకే అతుకు. ఇటువంటి చోట గుడ్డను పారవేయడమనే ఆలోచనే పుట్టదు. చీర చిరిగితే పావడా, పావడా చిరిగితే పొత్తిగుడ్డ, అదీ అరిగితే బొంతలో పొర. వేరుశనగ కాయ నవంబరు నాటికి ఇల్లు చేరుతుంది. చలి అప్పుడే మొదలవుతుంది. పగలు కొంత తీరిక, రాత్రికి బొంత అవసరం – రెండూ కలిసివచ్చే రోజులవి. మా వీధిలో ఆడవారు చాపలు పరచుకొని కూర్చునేది ఆ మధ్యాహ్నాలలోనే.

నిర్మాణం

బొంతకు కావలసినవి మూడు – పాత నూలుగుడ్డ, దారం, పొడుగాటి సూది. నూలుగుడ్డ ఎంత పాతదైతే అంత మెత్తన. అయితే చివికిపోయినది పనికిరాదు. గుడ్డను రెండు చేతులా పట్టి లాగినప్పుడు బరబర చిరిగితే అది బొంతకు కాదు, మసిగుడ్డకు. పట్టు జారుతుంది, సూది రంధ్రాలు పెద్దవవుతాయి కాబట్టి పట్టును బొంతలో కలపరు.

ఆరు గజాల చీర అంటే 18 అడుగులు. దానిని మూడు పొరలుగా మడిస్తే ఒక్కొక్క పొర ఆరడుగుల పొడవు, సుమారు 45 అంగుళాల వెడల్పు ఉంటుంది. ఒక మనిషి పడుకోవడానికి సరిపోయే కొలత అది. రెండు చీరలు వాడితే ఆరు పొరలు. కొంచెం గట్టిగా ఉన్న చీర పైకీ కిందికీ వస్తుంది, బలహీనమైనది మధ్యకు పోతుంది. రవికలు, లుంగీలు, చొక్కాల నుండి తీసిన మంచి ముక్కలను పై పొర మీద పరచి అతుకుతారు. చూపరులు మొదట చూసే రంగులు ఇవే.

పొరలు పరచిన తరువాత నాలుగు మూలలా రాళ్లు పెట్టి, చేత్తో దూరం దూరంగా కచ్చా కుట్టు వేస్తారు. ఇది పొరలు జరగకుండా పట్టి ఉంచడానికి మాత్రమే. పని ముగిశాక తీసివేస్తారు. ఆ పైన అసలు కుట్టు – సూది కిందికి దిగి పైకి తేలే సాదా కుట్టు, ఒక అంచు నుండి మరొక అంచు దాకా వరుసలుగా. వరుసకూ వరుసకూ మధ్య ముప్పావు అంగుళం ఎడం అనుకుందాం. 45 అంగుళాల వెడల్పుకు 60 వరుసలు. ఒక్కొక్క వరుస 72 అంగుళాలు. మొత్తం 4,320 అంగుళాలు, అనగా 120 గజాల కుట్టు. అంగుళానికి రెండు కుట్లు లెక్కిస్తే ఒక బొంతలో 8,640 కుట్లు. ఇంత పనిని మనం “పాతగుడ్డలు కుట్టింది” అని ఒక్క మాటతో తేల్చివేస్తాము.

దారం విషయంలో ఒక రహస్యమున్నది. దారం గుడ్డకంటె బలంగా ఉండరాదు. మిషను మీద వాడే గట్టి నైలాన్ దారంతో పాత చీరను కుడితే, లాగుడు పడినప్పుడు దారం తెగదు, గుడ్డ కోసుకుపోతుంది. మెత్తని నూలుదారం అయితే తాను తెగి గుడ్డను కాపాడుతుంది. తెగిన దారాన్ని మళ్లీ కుట్టవచ్చు, తెగిన గుడ్డకు ఆ మార్గం లేదు. వెనుకటివారు పాత చీర అంచుల నుండే పోగులు లాగి, రెండు మూడు కలిపి పేని, దారంగా వాడుకునేవారు. అలా చేస్తే గుడ్డ వయసూ దారం వయసూ ఒకటే అవుతాయి.

బొంత వెచ్చదనం గుడ్డ బరువులో లేదు. పొరల మధ్య చిక్కుకున్న గాలిలో ఉన్నది. కదలని గాలి వేడిని సులభంగా బయటికి పోనివ్వదు. వరుసలు మరీ దగ్గరగా బిగించి కుడితే పొరలు అట్టవలె అంటుకొని గాలికి చోటుండదు. మరీ దూరంగా కుడితే పొరలు ఉతుకులో మడతలుపడి ఉండలవుతాయి. ఈ రెంటి నడిమి ఎడమే అనుభవం.

దూది బొంత

మా ఇంటివారు దూదేకులవారు. పింజారులు, నూర్‌బాషాలు, లద్దాఫులు అని కూడా మమ్ములను పిలుస్తారు. మతం ఇస్లాం, ఇంటిభాష తెలుగు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యులలో సుప్రసిద్ధుడైన సిద్ధయ్య దూదేకుల కులస్థుడే. మా తాత భుజాన విల్లు వేసుకొని ఊరూరా తిరిగేవారు. ఆ విల్లుకు నరంతో చేసిన నారి ఉండేది. కొయ్యకొట్టుతో ఆ నారిని దూది కుప్పలో అదిలిస్తే, అంటుకుపోయిన పోచలు విడిపోయి, దూది మేఘంలా పొంగేది. వేరే కేక వేయవలసిన పని లేదు. నారి మోత వినబడగానే ఇండ్లలోని పరుపులు, రజాయిలు వీధిలోకి వచ్చేవి.

ఏకిన దూదిని గుడ్డ మీద సమంగా పరచి, పైన మరొక గుడ్డ కప్పి, కర్రతో మెల్లగా తట్టి, దూది ఒకచోటికి చేరకుండా గళ్లుగానో వలయాలుగానో కుడతారు. కొన్నేండ్లు కప్పుకున్న తరువాత దూది అణిగి గట్టిపడుతుంది, గాలి పోతుంది, చలి ఆగదు. అప్పుడు కుట్టు విప్పి, దూదిని మళ్లీ ఏకి, మళ్లీ కుడతారు. దూది బొంతకు ముగింపు అనేది నిజానికి లేదు. ఒకసారి ఒకరు, మరొకసారి మరొకరు దానిని ముగిస్తూ పోతారు. నేడు విల్లు స్థానంలో యంత్రం వచ్చింది. మా కులంలో చాలామంది ఇతర వృత్తులకు మళ్లారు. తాతగారి విల్లు ఎక్కడ పోయిందో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

పరుల బొంత

తాత వృత్తిలో మిగిలిన సగం మా పెద్దమ్మకు వచ్చింది. ఆమె దూది ఏకలేదు, బొంతలు కుట్టింది. తనకంటూ కుట్టుకున్నది తక్కువ, ఇతరులకు కుట్టినదే ఎక్కువ. అందులోనూ సగం పని ఇతరులు మొదలుపెట్టి విడిచినవి ముగించడమే. బొంత మధ్యలో ఆగిపోవడానికి కారణాలు అనేకం – కుట్టే ఆమెకు చూపు మందగించడం, కూతురి కాన్పు రావడం, పంట పోయి కుటుంబమంతా బెంగుళూరుకు కూలికి పోవడం, మరణం. కారణమేదైనా గుడ్డ మూటతో పెద్దమ్మ గడపలోకి వచ్చేవారు. ఆమె మొదట ఆ బొంతను తిరగేసి వెనుకవైపు చూసేది. ముందువైపు గుడ్డ చెబుతుంది, వెనుకవైపు చెయ్యి చెబుతుంది అనేది ఆమె మాట.

నేను ఇంటర్మీడియట్ చదువుతున్న రోజులలో, మా వీధి చివర ఉన్న ఒక రైతు ఇల్లాలు, కాన్పుకు రానున్న కూతురి కోసం చిన్న ఉయ్యాల బొంత మొదలుపెట్టింది. ఇంతలో జబ్బుపడింది. మంచం మీద కూర్చుండియే కుడుతూ వచ్చింది. సగం దాటిన తరువాత కన్నుమూసింది. దినాలు గడిచిన పిమ్మట కూతురు ఆ బొంతను తెచ్చి పెద్దమ్మ ఒడిలో పెట్టింది.

“దీన్ని ముగించి ఇయ్యి పెద్దమ్మా. అమ్మ చేసినట్లే ఉండల్ల” అన్నది.

పెద్దమ్మ దానిని అటక మీద వేరుగా పెట్టి, “ఇది అమానతు. ఊరికే ముట్టుకోవద్దు” అని నాకు చెప్పింది. తరువాత తానే నన్ను కూర్చోబెట్టుకొని మిగిలిన వరుసలు కొన్ని కుట్టించింది. అప్పటికి నా కుట్టు చక్కగా వస్తుందని నాకు కొంత గర్వం. ఒక పెండ్లికని పెద్దమ్మ రెండు రోజులు ఊరికి పోయింది. ఆ రెండు రోజులలో నేను చేసిన పనిని నేటికీ మరువలేదు.

ఆ తల్లి కుట్టిన చివరి అయిదు వరుసలు వంకర టింకరగా ఉన్నాయి. ఒక కుట్టు పొడుగు, ఒకటి పొట్టి. ఒక వరుస పక్క వరుసలోకి జారింది. అంత అందమైన బొంతలో ఆ అయిదే కంటికి తగిలాయి. బ్లేడుతో వాటిని విప్పి, గీత గీసినట్లు తిరిగి కుట్టాను. పెద్దమ్మ మెచ్చుకుంటుందని ఎదురుచూశాను.

ఆమె వచ్చి, అలవాటు ప్రకారం బొంతను తిరగేసి, వెనుకవైపు వేలితో తడిమింది. పాత రంధ్రాల దగ్గర వేలు ఆగింది.

“ఈడ ఎవురిప్పింది?”

“నేనే పెద్దమ్మా. వంకర పోయిందని ఇప్పి సరిగా కుట్టినా.”

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆ వంకర ఎప్పుడు పడిందో తెలుసునా నీకు? ఆయమ్మకు చెయ్యి వణికేటప్పుడు. ఆ పిల్లకు కావల్సింది ఆ వంకరే. చక్కటి కుట్టు కావాలంటే అంగట్లో దొరకదా?” అన్నది.

“మళ్లీ ఇప్పి అట్లనే వంకరగా కుట్టేదా?” అని అడిగాను.

“నీ వంకర ఆయమ్మ వంకర అవుతాదా? పోయి ఆ పిల్లకు చెప్పు.”

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ కూతురు ఏ వరుస ఎలా ఉన్నదో లెక్కపెట్టుకొని ఇవ్వలేదు. అయినా పెద్దమ్మ నన్ను పంపింది. పోయి చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. కొంతసేపటికి, “ఆ దారం పారేసినావా?” అని మాత్రం అడిగింది. అదృష్టవశాత్తు పారవేయలేదు. తెగిన పోగులు సూదుల డబ్బాలో ఉన్నాయి. అన్నీ కలిపితే చిటికెడు. ఆమె వాటిని అరచేతిలో పట్టుకొని నా వెంట వచ్చింది. నాలుగవ అంచు ఇంకా మూయలేదు. పోగులను పొరల మధ్య లోపలికి పెట్టింది. పెద్దమ్మ అంచు మడిచి, పట్టీ వేసి, కుట్టి మూసివేసింది.

అమానత్ అనే ఉర్దూ మాట మన లెక్కల పుస్తకాలలో అనామతుగా మారింది. అనామతు పద్దులో ఉన్న సొమ్ము మన దగ్గర ఉంటుంది కాని మనది కాదు. పరుల బొంత కూడా అటువంటిదే. సూది నాది, చెయ్యి నాది, పని నాది కాదు. దానిని నాదిగా చేసుకోవాలనే కోరికనే నేను ఆనాడు చక్కదనమనుకున్నాను.

పాటించవలసిన నియమాలు

పెద్దమ్మ నియమాలు వ్రాసి పెట్టలేదు. ఆమె పక్కన ఏండ్ల తరబడి కూర్చున్నందున గ్రహించినవి ఇవి.

ఒకటి – అడగడం. ఎవరి కోసం, ఎప్పటికి, ఉతకడానికా దాచుకోవడానికా అని అడగాలి. నిత్యం ఉతికే బొంతకు వరుసలు దగ్గరగా కావాలి. జ్ఞాపకంగా దాచుకునేదానికి ఉన్నది ఉన్నట్లు నిలపడమే చాలు.

రెండు – కొలవడం. మొదటి మనిషి అంగుళానికి ఎన్ని కుట్లు వేసింది, వరుసల ఎడమెంత, దారం ఎన్ని పోగులు, కుట్టు ఏ అంచు నుండి మొదలైంది అని చూడాలి. అంచు నుండి లోపలికి కుట్టిన బొంతను మనం మధ్య నుండి బయటికి కుడితే, పొరలలోని వదులు రెండు వైపుల నుండీ తోసుకువచ్చి నడుమ బుడగలా ఉబ్బుతుంది. ఆమె దారినే మనమూ పోవాలి.

మూడు – కలపడం. ఆమె కుట్టు ఆగినచోట మన కుట్టు మొదలుపెట్టరాదు. రెండు వేళ్ల మేర ఆమె వరుస పక్కనే వెనుక నుండి వచ్చి ముందుకు సాగాలి. లేకపోతే ఆ చోటు బలహీనపడుతుంది. ముడి పైకి కనబడరాదు. దారం కొసను పొరల మధ్యకు నడిపి దాచాలి.

నాలుగు – విప్పకపోవడం. పాత దారం కుళ్లితేనో, మడతపడి గుడ్డ చిరిగే స్థితి వస్తేనో తప్ప విప్పరాదు. విప్పవలసివస్తే యజమాని అనుమతి తీసుకోవాలి. దారాన్ని ఒక్కసారిగా లాగకుండా రెండు మూడు కుట్లకు ఒకచోట తుంచి మెల్లగా తీయాలి. దారం పోయినా రంధ్రాలు ఉంటాయని మరువరాదు.

అయిదు – తిరిగి ఇవ్వడం. మిగిలిన గుడ్డముక్క గోరంతదైనా బొంతతోపాటు ఇవ్వాలి. ఏడాదికో రెండేండ్లకో అదే గుడ్డ అతుకుగా పనికివస్తుంది.

ఇతర ప్రాంతాలలో

ఈ మర్యాద మా వీధిలోనే పుట్టిందని నేననను. ఉత్తర కన్నడ జిల్లాలోని యల్లాపుర, హళియాళ ప్రాంతాలలో సిద్ధీలు నివసిస్తున్నారు. వారి పూర్వులు ఆఫ్రికా నుండి వచ్చినవారు. వారిలో హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఉన్నారు. మతాలు వేరైనా ఆడవారు కుట్టే కవంది బొంత ఒకటే తీరు. ఒక మూల నుండి మొదలుపెట్టి, అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ లోపలికి నడిచి, నడుమ ముగిస్తారు. మూలలలో మడిచి కుట్టిన చిన్న గుడ్డముక్కలకు ఫూల అని పేరు, అనగా పువ్వు. పువ్వు లేని కవంది వారి దృష్టిలో ముగిసినది కాదు. చలిని ఆపడానికి ఆ పువ్వుతో పని లేదు. అయినా అది లేనిదే పని పూర్తికాదనడంలో కుట్టేవారి ఆత్మగౌరవం కనిపిస్తుంది.

వంగదేశపు కవి జసీముద్దీన్ 1929లో ప్రచురించిన “నక్షీ కాంథార్ మాఠ్” కావ్యంలో నాయిక సాజు, దూరమైన భర్తకై ఎదురుచూస్తూ తన జీవితాన్నంతా ఒక బొంత మీద కుడుతుంది. తాను పోయిన తరువాత ఆ బొంతను తన సమాధి మీద పరచుమని కోరుతుంది. ఉర్దూ రచయిత్రి ఇస్మత్ చుగ్తాయి “చౌథీ కా జోడా” కథలో, చాలని గుడ్డను చాలినట్లు కత్తిరించి ఇచ్చే నేర్పు గల తల్లి దగ్గరకు ఇరుగుపొరుగువారంతా వస్తారు. అందరి పెండ్లిబట్టలు, అందరి కఫన్‌లు ఆమె చేతి మీదుగా పోతాయి. చివరకు ఆమె తన కూతురికి కుట్టవలసివచ్చేది పెండ్లి జోడా కాదు. ఉర్దూ విద్యార్థులు ఈ కథను తప్పక చదవాలి.

ఇటీవలి సంగతి ఒకటి. 2022లో అమెరికాలో జెన్ సిమోనిక్, మేసీ కాప్లన్ అనే ఇద్దరు మిత్రురాండ్రు లూజ్ ఎండ్స్ అనే సంస్థను ప్రారంభించారు. మరణించినవారు, జబ్బుపడి చేతులు పనిచేయనివారు సగంలో విడిచిన అల్లికలను, బొంతలను వారి బంధువులు అందజేస్తే, ఆ పని తెలిసిన ఔత్సాహికులు ముగించి ఉచితంగా తిరిగి ఇస్తారు. ఆ వార్త చదివినప్పుడు నాకు పెద్దమ్మ అటక గుర్తుకు వచ్చింది. లోకంలో ఎక్కడైనా సగం కుట్టిన గుడ్డను పారవేయడానికి చెయ్యి రాదు.

ఆనందము – కూలి

బొంత కుట్టడంలో ఆనందమున్నదా అని అడిగితే, ఉన్నదనే చెబుతాను. సూది దిగడం, తేలడం, దారం గుడ్డలో సాగే సన్నని చప్పుడు, వరుస ముగిసినప్పుడు చేత్తో నిమరడం – ఇవి మనసును నిలకడపరుస్తాయి. చేతులు పనిలో ఉండగా నోటికి, చెవులకు తీరికే. మా వీధిలో సంబంధాలు కుదిరింది, తగవులు తీరింది ఆ చాపల మీదనే. పరుల బొంతలో మరొక ఆనందమున్నది. మనకు తెలియని ఇంటి గుడ్డలు మన ఒడిలో పరచుకుంటాయి. ఈ ముక్క పెండ్లికి ముందరి పావడాది, ఇది తండ్రి పంచెది అని యజమానురాలు చెబుతూ ఉంటే, ఒక కుటుంబ చరిత్ర చదివినట్లుంటుంది.

అయితే కళ అనే గొప్ప పేరు పెట్టి కూలి తగ్గించడం అన్యాయం. పెద్దమ్మ సంతోషంగానే కుట్టింది, అవసరం ఉండి కూడా కుట్టింది. నడుము నొప్పి, కళ్లమంట, అంగుస్తానా లేక గట్టిపడిన వేలికొస ఆమెకు మిగిలినవి. “నీకు సరదా గదా” అని తక్కువ ఇచ్చినవారున్నారు. చనిపోయినవారి బొంతకు కూలి అడగడానికి ఆమెకే నోరు రాని సందర్భాలూ ఉన్నాయి. 8,640 కుట్లకు ఎంత ఇస్తున్నామో ఇచ్చేవారు లెక్క వేసుకోవాలి. పనిలో ఆనందం పనిచేసేవారి సొత్తు. దానిని కూలిలో కోత పెట్టే హక్కు ఇతరులకు లేదు.

విద్యార్థులకు, కమిటీవారికి

నేడు పాత నూలుచీరలే అరుదైపోయాయి. పాలియెస్టరు చీర చెమట పీల్చదు, పొరలుగా పరిస్తే జారుతుంది, నిప్పురవ్వ పడితే కరిగి అంటుకుంటుంది. అంగడిలో తక్కువ ధరకే మెత్తని రగ్గులు దొరుకుతున్నాయి. వాటిని కొనవద్దని నేను చెప్పను, చలి అందరికీ ఒకటే. కాని ఇంటిలో ఎక్కడో ఒక అటక మీద సగం కుట్టిన బొంత మూటగా ఉండే అవకాశమున్నది. అవ్వనో, జేజినో, నానీనో అడిగి చూడండి. అది ఎవరు మొదలుపెట్టారో, ఎందుకు ఆగిందో తెలుసుకోండి. వారు ఉండగానే వారి పక్కన కూర్చుండి ముగించండి. లేకుంటే ఆ కుట్టు ఏ అంచు నుండి మొదలైందో చెప్పేవారు ఉండరు.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. వారానికి ఒక మధ్యాహ్నం ఒక గదిని, నాలుగు చాపలను ఈ పనికి కేటాయించండి. ఊరిలోని కుట్టు తెలిసిన పెద్దవారిని ఒకరిద్దరిని పిలిచి, గౌరవంతోపాటు తగిన రుసుమూ ఇచ్చి, నేర్పించండి. ఉర్దూ శాఖవారు, తెలుగు శాఖవారు ఒకే బొంతకు రెండు వైపులా కూర్చుంటే కవులను గురించిన చర్చ కూడా అక్కడే సాగవచ్చు. ఆడపిల్లలకు మాత్రమే అని నియమం పెట్టవద్దు. విల్లు పట్టి దూది ఏకినది మా తాత.

కిందటి చలికాలంలో, ఆనాటి కూతురు మా ఇంటికి వచ్చింది. ఆమె జుట్టు నెరిసింది. ఆ ఉయ్యాల బొంతలో పెరిగిన బిడ్డకు ఇప్పుడు బిడ్డ పుట్టింది. బొంత అంచు అరిగి, పొరలు బయటపడ్డాయి. పెద్దమ్మ పోయి చాలా ఏండ్లయింది. “నువ్వే చెయ్యల్ల” అని మూట నా ఒడిలో పెట్టింది.

బొంతను తిరగేసి చూశాను. అయిదు వరుసలు గీత గీసినట్లు ఉన్నాయి. మిగిలినవాటిలో కలవక, వెంటనే కంటికి తగిలాయి.

“అక్కా, నావి అయిదు వరసలు ఇప్పేస్తునా?” అని అడిగాను.

“వద్దులేమ్మా. అవి గూడా దాంట్లోవే గదా” అన్నది.

అంచుకు కొత్త పట్టీ వేశాను. ఆ తల్లి వరుసలలో దారం సన్నగిల్లిన చోట, దానిని ముట్టకుండా, వేలెడు ఎడంలో మరొక వరుస నడిపాను. ఏ కుట్టునూ విప్పలేదు. మిగిలిన గుడ్డముక్కను మడిచి బొంతతోపాటు ఇచ్చాను.